వయసు తేడా ప్రేమకథల్లో నమ్మకం ఎక్కడ తెగుతుంది?

ముప్పై ఎనిమిదేళ్ల ఐస్ హాకీ ఆటగాడు, ఇరవై అయిదేళ్ల అమ్మాయి. అతను జట్టు కెప్టెన్. ఆమె కోచ్ కూతురు, లేదా జట్టు ఫిజియో, అదీ కాకపోతే పక్కింట్లో అద్దెకు దిగిన టీచరు. అమెరికా, కెనడా ప్రేమ నవలల్లో బాగా చలామణిలో ఉన్న మూసల్లో ఇదొకటి. ఇలాంటివి చదివి పక్కన పెట్టేసినవారు చెప్పే కారణం సాధారణంగా ఒక్కటే: నమ్మబుద్ధి కాలేదు. ఎందుకని అడిగితే వయసు తేడా మరీ ఎక్కువైందంటారు. ఈ జవాబు నాకు ఎప్పుడూ సరిపోలేదు. ఎందుకంటే అదే పదమూడేళ్ల తేడా ఉన్న మరో నవలను అదే పాఠకురాలు రాత్రంతా మేలుకుని పూర్తి చేస్తుంది, మర్నాడు స్నేహితురాలికి చదవమని పంపుతుంది కూడా.

వయసు అనే ఒక్క మాట కింద మూడు సంగతులను మూట కట్టేయడంతోనే చిక్కు మొదలవుతుంది. పుట్టి ఎన్నేళ్లయిందన్నది ఒకటి. వృత్తిలో ఏ దశలో ఉన్నారన్నది రెండోది. ఎవరి జీవితం ఎవరి చేతిలో ఉందన్నది మూడోది. గుమస్తా ఉద్యోగంలోనో, వ్యాపారంలోనో ఈ మూడూ దాదాపు కలిసి నడుస్తాయి. యాభై ఏళ్లవాడికి అనుభవమూ, డబ్బూ, అధికారమూ ఇరవై అయిదేళ్లవాడికన్నా ఎక్కువ ఉంటాయి. ఆటల్లో మాత్రం ఇవి ఒకదాని కాలు ఒకటి తొక్కుతూ నడుస్తాయి. క్రీడా ప్రేమకథకు బలం రావాల్సింది అక్కడే. చాలా నవలలు కూలిపోయేదీ అక్కడే.

ఆట వయసు సంగతి ముందు చూద్దాం. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో పదహారేళ్లకే అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టి, 2022లో 39 ఏళ్ల వయసులో వీడ్కోలు చెప్పారు. ఆ నాటికి ఆమెది ఇరవై మూడేళ్ల అనుభవం. ప్రవీణ్ తాంబే 2013లో 41 ఏళ్ల వయసులో ఐపీఎల్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. అప్పటికి అతను ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే 39 ఏళ్ల మనిషి ఆటలో పెద్దముత్తైదువ కావచ్చు, 41 ఏళ్ల మనిషి కొత్త పెళ్లికొడుకు కావచ్చు. జిమ్నాస్టిక్స్‌లో ఇరవై రెండేళ్లకే రిటైర్మెంట్ గురించి ఆలోచించేవారున్నారు. మళ్లీ అదే ఆటలో ఒక్సానా చుసోవితినా 46 ఏళ్ల వయసులో టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చారు. రోహన్ బోపన్న 2024లో 43 ఏళ్లకు టెన్నిస్ పురుషుల డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్నాడు. ఇక ఐస్ హాకీలో గోర్డీ హోవ్ 1979-80 సీజన్ ఆడి ముగించేనాటికి యాభై రెండేళ్లవాడు. అదే జట్టులో ఆయన ఇద్దరు కొడుకులూ ఆడారు. నవలలో ఇలా రాస్తే ఏ సంపాదకుడైనా అతిశయోక్తి అని కొట్టేసేవాడు.

కాబట్టి రచయిత మొదట తేల్చుకోవాల్సింది ఏ ఆట, అందులో ఏ స్థానం అన్నది. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ నలభై దాకా నిలబడగలడు. ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ 1982లో నలభై ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచ కప్ ఎత్తాడు. అదే జట్టులో అంచుల వెంట పరుగెత్తే వింగర్‌కు ముప్పై మూడు దాటితే కుర్రాళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటారు. షూటింగ్, గోల్ఫ్ లాంటి ఆటలు మనిషికి ఎక్కువ కాలం గడువిస్తాయి. ‘అథ్లెట్’ అనో, ‘స్టార్ ప్లేయర్’ అనో రాసి వదిలేసిన కథలో పన్నెండేళ్ల తేడాకు అర్థం ఉండదు. ఎవరికి ఎంత సమయం మిగిలి ఉందో పాఠకుడు లెక్క వేసుకోలేడు.

ఇప్పుడు ఆ ముప్పై ఎనిమిదేళ్ల హాకీ కెప్టెన్ దగ్గరికి తిరిగి వద్దాం. మూస నవలల్లో అతను సర్వశక్తిమంతుడు: డబ్బు, పేరు, కండలు, ఊళ్లో ఏ తలుపైనా తెరిపించగల పరపతి. ఆమె దగ్గర ఉన్నది అద్దె ఇల్లు, చదువు అప్పు. నిజానికి ఆ వయసులో అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో ఉన్న మనిషి పరిస్థితి వేరు. అక్కడి ఒప్పందాల్లో వయసు కూడా ఒక నిబంధనే. 35 దాటాక ఒకటికి మించిన ఏళ్లకు ఒప్పందం చేసుకున్న ఆటగాడు మధ్యలో ఆట మానేసినా, కొన్ని షరతుల కింద ఆ మొత్తం జట్టు వేతన పరిమితి (ఆటగాళ్లందరి జీతాలకూ కలిపి పెట్టిన హద్దు) లెక్కలోనే ఉండిపోతుంది. అందుకే జట్లు అలాంటివారికి ఎక్కువ ఏళ్లు రాసివ్వడానికి వెనకాడతాయి. ఏడాది ఒప్పందంతో సరిపెడతాయి. సీజన్ మధ్యలో వేరే ఊరి జట్టుకు బదిలీ చేసేస్తే, కాదనే హక్కు ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, పెట్టె సర్దుకోవాల్సిందే. బయటికి కోటీశ్వరుడే. వచ్చే అక్టోబరులో ఏ ఊళ్లో ఉంటాడో అతనికే తెలియదు. ఇరవై అయిదేళ్ల టీచరుకు మాత్రం తానెక్కడ ఉంటుందో తెలుసు.

ఈ ఒక్క సంగతి చాలు, కథలో బలాబలాలు తారుమారవుతాయి. జీవితంలో అతను పెద్ద, భవిష్యత్తు విషయంలో ఆమెదే పైచేయి. ఆమెకు ముందున్నవి ముప్పై అయిదేళ్ల ఉద్యోగ జీవితం, అతనికి మిగిలినవి బహుశా నలభై మ్యాచ్‌లు. పాత్రకు లోతు రావడానికి అతనికి చనిపోయిన తండ్రినో, మోసం చేసిన మాజీ భార్యనో తగిలించనవసరం లేదు. ఆ మిగిలిన నలభై మ్యాచ్‌లను అతను ఎలా లెక్కపెట్టుకుంటున్నాడో చూపిస్తే చాలు.

శరీరం విషయంలో రచయితలు చేసే మోసం మరీ బాహాటంగా ఉంటుంది. అతని వయసు ముప్పై ఎనిమిది అని మొదటి పేజీలో చెబుతారు, తర్వాత రెండు వందల పేజీలూ ఇరవై ఆరేళ్ల శరీరాన్ని వర్ణిస్తారు. పదిహేనేళ్లు దెబ్బలు తింటూ ఆడిన మనిషి ఉదయం మంచం దిగగానే నడవడు. కాసేపు అంచున కూర్చుంటాడు. మెట్లు దిగేటప్పుడు చేయి రెయిలింగ్ మీద ఉంటుంది. మ్యాచ్ మర్నాడు అతని పని ప్రేమించడం కాదు, కోలుకోవడం. మంచునీళ్ల టబ్బు, మర్దన, నిద్ర. కుర్రవాడు ఒక రాత్రిలో తేరుకునే దెబ్బకు అతనికి మూడు రోజులు పడుతుంది, ఆ సంగతి జట్టులో అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది. దాచుకుంటాడు కూడా. కోచ్ దగ్గర దాస్తాడు, డాక్టర్ దగ్గర కొంత దాస్తాడు. ఆమె దగ్గర దాస్తాడా లేదా అన్నదే అసలు ప్రేమకథ. ఆ ప్రశ్నతో ఒక అధ్యాయం నడిపిన రచయిత్రికి పాఠకులు వయసు తేడా గురించి ఒక్క మాట కూడా అనరు.

మూడో సంగతి అధికారం. ఇక్కడ మెత్తగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కోచ్‌కూ అతని చేతికింద ఉన్న క్రీడాకారిణికీ మధ్య ప్రేమకథ రాసేవారు ‘ఇద్దరూ మేజర్లే కదా’ అన్న ఒక్క వాక్యంతో గట్టెక్కుదామనుకుంటారు. ఆటల లోకం ఆ వాక్యాన్ని ఎప్పుడో తోసిపుచ్చింది. ఆటల్లో వేధింపులను అరికట్టడానికి అమెరికాలో 2017లో మొదలైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రం నియమావళి ప్రకారం కోచ్, క్రీడాకారుల సంబంధం ఉన్నచోట ఇద్దరి వయసు ఎంతైనా సరే, అధికారంలో అసమానత ఉన్నట్టే భావిస్తారు. శిక్షణ మొదలుకాక ముందునుంచే ఆలుమగలుగా ఉన్నవారి సంగతి వేరు, అక్కడ ఆ భావన దానంతటది వర్తించదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో చట్టాన్ని సవరించి, 16, 17 ఏళ్ల పిల్లలతో సంబంధం పెట్టుకునే క్రీడా శిక్షకులను కూడా నేర పరిధిలోకి తెచ్చారు. అక్కడ పదహారేళ్లు నిండితే సమ్మతి చెల్లుతుంది, కోచ్ విషయంలో మాత్రం చెల్లదు. మన దేశంలో పద్దెనిమిదేళ్లలోపువారి సమ్మతికి చట్టంలో విలువే లేదు.

ఈ నిబంధనలేవీ గాలిలోంచి ఊడిపడలేదు. 1978లో పదహారేళ్ల వయసులో అమెరికన్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్ ఆడిన పామ్ శ్రైవర్, తనకు పదిహేడేళ్లప్పుడు యాభై ఏళ్ల కోచ్‌తో మొదలైన సంబంధం గురించి 2022లో బహిరంగంగా మాట్లాడారు. అది తగని సంబంధమని, తన మీద చాలాకాలం ప్రభావం చూపిందని చెప్పారు. 2023లో జంతర్ మంతర్ దగ్గర మన మహిళా మల్లయోధులు రోజుల తరబడి ఎందుకు కూర్చున్నారో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. ఇవన్నీ చదివిన పాఠకురాలే నవల కూడా చదువుతుంది. కోచ్ ఆమె భుజం మీద చేయి వేసిన సన్నివేశంలో రచయితకు వీణానాదం వినిపిస్తుంటే, ఆ పాఠకురాలికి జట్టు ఎంపిక జాబితా కనిపిస్తుంది. రేపు ఆ జాబితాలో పేరు రాసేది ఆ చేయే.

అలాగని కోచ్ పాత్రలు ప్రేమకథలకు పనికిరావని కాదు. పదేళ్ల క్రితం శిక్షణ మానేసిన కోచ్, ఇప్పుడు వేరే రాష్ట్రంలో తన సొంత అకాడమీ నడుపుకుంటున్న ముప్పై నాలుగేళ్ల మాజీ శిష్యురాలు. ఇది రాయవచ్చు, కానీ గురుశిష్యులుగా ఉన్న రోజులను ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తవ్వుకునే సన్నివేశం తప్పనిసరి. ‘అప్పుడు కూడా నా మీద ఇలాంటి ఉద్దేశం ఉండేదా?’ అని ఆమె అడిగి తీరాలి. ఆ ప్రశ్న అడగని నవలను నేను నమ్మను. ఫిజియో, జట్టు డాక్టరు, క్రీడా విలేకరి, ఏజెంటు విషయాల్లో కూడా ఇదే లెక్క. ఉద్యోగ నియమాలు ప్రేమకు అడ్డు నిలుస్తున్నప్పుడు రచయిత వాటిని పిల్లిమొగ్గలు వేసి దాటకుండా, ఎవరో ఒకరితో ఉద్యోగం మార్పించాలి. ఎవరు మారారన్నదే పాత్ర గురించి అన్నీ చెబుతుంది. ప్రతిసారీ చిన్నవాళ్లే రాజీనామా చేస్తుంటే ఆ రచయిత సానుభూతి ఎటుందో తెలిసిపోతుంది.

తెలుగు పాఠకులు ఈ విషయం దగ్గరికి ఖాళీ చేతులతో రారు. మన ఆధునిక నాటకానికి ఆదిగా చెప్పుకొనే ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు దాని గురి డబ్బిచ్చి చిన్నపిల్లను కట్టుకోబోయే ముసలివాడి మీదే. వయసు తేడాను చూసి నవ్వడం, కోపగించుకోవడం మనకు ఆ కాలం నుంచే అలవాటు. మరోపక్క, ఎనిమిదీ పదేళ్లు పెద్దవాడిని భర్తగా చూడటం నిన్నమొన్నటిదాకా ఇంటింటా మామూలే. వారపత్రికల సీరియళ్ల రోజుల్లో హీరో ఫ్యాక్టరీ యజమానో, పేరున్న డాక్టరో అయి ఉండేవాడు, హీరోయిన్‌కన్నా బాగా పెద్ద, ముభావి, కారున్నవాడు. ఆ తేడాను ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే అది పెద్దరికం అనే పేరుతో చలామణి అయింది. ఆటగాడిని హీరోగా పెట్టినప్పుడు ఆ పెద్దరికం వయసుతో పాటు పెరగకుండా తరుగుతుంది. మన రచయితలకు ఈ రకం కథ కొత్తగా అనిపించాల్సిన కారణం ఇదే, మంచు మీద హాకీ కాదు.

చిన్నవయసు పాత్రకు వద్దాం. నమ్మకం అన్నిటికన్నా ఎక్కువగా తెగేది ఇక్కడ. ‘ఆమెది వయసుకు మించిన పరిణతి’ అన్న వాక్యం కనిపించిందంటే రచయిత చేతులెత్తేసినట్టే. ఇరవై నాలుగేళ్ల మనిషిని ముప్పై ఆరేళ్ల మనిషిలా మాట్లాడిస్తే తేడా మాయమవుతుందనుకోవడం వల్ల వచ్చే వాక్యమది. తేడా మాయమైతే ఇక కథ ఎందుకు? ఇరవై నాలుగేళ్లవారికి ఇరవై నాలుగేళ్ల తప్పులు ఉండాలి. మొదటి జీతంతో అవసరం లేని ఫోను కొనడం, తప్పుడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలకే బయటపడటం, స్నేహితులతో అర్ధరాత్రి ప్రయాణాలు పెట్టుకోవడం. ఆమె చుట్టూ ఆమె వయసువాళ్లు ఉండాలి, ఆ గుంపులో అతను ఇబ్బందిపడాలి. నవలలో ఆమె స్నేహితురాళ్లంతా అతన్ని పొగడటానికి తప్ప మరెందుకూ నోరు విప్పకపోతే, ఆమెకు స్నేహితురాళ్లు లేనట్టే.

అంతకన్నా ముఖ్యం, అతనితో సంబంధం లేని కోరిక ఒకటి ఆమెకు ఉండాలి. అతను కథలోంచి తప్పుకుంటే ఆమె రేపు ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు ఒక పేజీ జవాబు రాయలేని రచయిత మిగతా నవల రాయకపోవడం మంచిది. ఆమె కూడా క్రీడాకారిణి అయితే పని మరింత పదునెక్కుతుంది. అతని ఆట చివరి సీజన్‌లో ఉంటే ఆమె ఆట అప్పుడే పైకి లేస్తుంటుంది. ఆమె గెలిచిన రోజు అతని సంతోషంలో ఒక చుక్క అసూయ కలుస్తుంది. అతని అనుభవం ఆమెకు సలహాగా వస్తుంది, సలహా కొన్నాళ్లకు అజమాయిషీలా వినిపిస్తుంది. ఇందులో విలన్ ఎవరూ లేరు. రెండు మంచి మనసుల మధ్య పుట్టే ఈ రాపిడిని ఆస్పత్రి సన్నివేశాలతో, కిడ్నాపులతో కప్పెట్టేయడం చూస్తే నాకు చిరాకు.

తేడాను చూపించడానికి పాటల జాబితాలూ, ‘నువ్వు పుట్టేనాటికి నేను కాలేజీలో ఉన్నాను’ లాంటి జోకులూ సులువైన దారి. ఒకసారి చాలు. జ్ఞాపకం అంతకంటే లోతుగా పనిచేస్తుంది. 2011 ఏప్రిల్ 2 రాత్రి, భారత్ ప్రపంచ కప్ గెలిచిన రాత్రిని తీసుకోండి. అప్పటికి ఇరవై నాలుగేళ్ల రంజీ ఆటగాడికి ఆ రాత్రి సంబరంతో పాటు ఒక తలుపు మూసుకున్న చప్పుడు కూడా. ఆ జట్టులో తనకు చోటు రాలేదు, ఇక రాకపోవచ్చు. అప్పటికి పన్నెండేళ్ల అమ్మాయికి అది అమ్మానాన్నలు పొద్దుపోయేదాకా నిద్రపోనిచ్చిన రాత్రి, బ్యాటు కొనివ్వమని మారాం చేసిన రాత్రి. ఇద్దరూ ఇప్పుడు ఒకే సోఫాలో కూర్చుని ఆ మ్యాచ్ పునఃప్రసారం చూస్తుంటే, ఆమె ఆనందానికి అతను మొహం మాడ్చుకోకుండా ఉండటానికి ఎంత ప్రయత్నించాడో రాయండి. పన్నెండేళ్ల తేడా అంటే ఏమిటో మరో వాక్యం అక్కరలేకుండా అర్థమవుతుంది.

ఇక త్యాగం. కథ మూడు వంతులు నడిచాక పెద్దవాడు గంభీరంగా చెబుతాడు: నీకు ముందు బోలెడు జీవితం ఉంది, నన్ను మరచిపో. పాఠకులు కన్నీళ్లు పెట్టుకోవాలని రచయిత ఆశ. నిజానికి ఆ సన్నివేశంలో జరిగేది, ఆమె జీవితం గురించిన నిర్ణయాన్ని ఆమెను అడగకుండా అతను తీసేసుకోవడం. అధికారం అన్న మూడో సంగతి మంచితనం ముసుగులో తిరిగొచ్చింది. ఈ సన్నివేశం ఉండకూడదనను, అలాంటి మనుషులు ఉన్నారు. కానీ ఆమె దాన్ని గుర్తుపట్టాలి. ఏడవడానికి బదులు కోపగించుకోవాలి. తర్వాత ఇద్దరూ కలిసే సన్నివేశంలో అతను క్షమాపణ చెప్పాల్సింది ఆమెను బాధపెట్టినందుకు కాదు, ఆమె తరఫున ఆలోచించినందుకు. ఈ చిన్న తేడాతో పాత కథ కొత్తదవుతుంది.

ఆటను తెరలా వెనక వేలాడదీసే అలవాటు గురించి పెద్దగా చెప్పనవసరం లేదు, ఆట తెలిసినవారు రెండో అధ్యాయంలోనే పట్టేస్తారు. చాలా ఏళ్లుగా ఆ హాకీ లీగ్‌లో ఒక్కో జట్టుకు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఎనభైకి పైగా మ్యాచ్‌లు, వాటిలో సగం పరాయి ఊళ్లలో. కప్పు గెలవాలంటే ఆ తర్వాత మరో పదహారు విజయాలు, జూన్ దాకా. ఇంత తీరిక లేని మనిషి వారం వారం ఆమెను కొండల్లోకి షికారు తీసుకెళ్తుంటే వయసు తేడా కన్నా ముందు క్యాలెండర్ నవ్వుతుంది.

మన దగ్గర ముడిసరుకు ఇంతకన్నా గొప్పగా ఉంది. ప్రో కబడ్డీ 2014లో వచ్చినప్పటినుంచి వేలంపాటతో ఊళ్లు మారే ఆటగాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి రైల్వేలోనో, పోలీసు శాఖలోనో క్రీడా కోటా ఉద్యోగం ఉంటుంది. మోకాలు పోయాక ఆ కోటా ఉద్యోగమే నిలబెడుతుంది, అప్పటిదాకా మైదానంలో చప్పట్లు కొట్టించుకున్న మనిషి ఆఫీసులో హాజరు పట్టీ ముందు నిలబడతాడు. కొందరు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమాకు వెళ్తారు. ముప్పై అయిదేళ్ల వయసులో హాస్టల్ గదిలో మళ్లీ విద్యార్థిగా కూర్చున్న మాజీ రైడర్, అతని కన్నా పదేళ్లు చిన్నదైనా అదే రైల్వేలో ఇప్పుడు అతనికి పై అధికారి అయిన అమ్మాయి. వయసు అటు, హోదా ఇటు. ఈ కథ అమెరికాలో పుట్టదు.

ఇంతసేపూ పెద్దవాడు మగవాడే అన్నట్టు మాట్లాడాను, ఈ నవలల్లో ఎక్కువ భాగం అలాగే ఉంటాయి కాబట్టి. తిరగేసి చూస్తే ప్రశ్నలే మారిపోతాయి. అతను చిన్న, ఆమె పెద్ద అన్నప్పుడు ‘లోకం ఏమంటుంది’ అన్నది ముందుకొస్తుంది, అధికారం గురించి ఎవరూ అడగరు. అడగాలి, ఎందుకంటే ముప్పై తొమ్మిదేళ్ల ఛాంపియన్ తన శిక్షణ భాగస్వామిగా తెచ్చుకున్న ఇరవై ఆరేళ్ల కుర్రాడి జీతం ఆమె చేతిలోనే ఉంటుంది. ఆమె గడువు కూడా మరింత కఠినం. మేరీ కోమ్ ముగ్గురు పిల్లల తల్లిగా 2018లో ఢిల్లీలో ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. కానీ అంతర్జాతీయ బాక్సింగ్‌లో ఎలీట్ విభాగానికి, అంటే పెద్దల అగ్రశ్రేణి పోటీలకు, నలభై ఏళ్ల పరిమితి ఉంది, 2024లో తాను ఇక బరిలోకి దిగలేకపోవడానికి కారణం అదేనని ఆమె స్వయంగా చెప్పారు. మోకాలు సహకరించినా, మనసు సహకరించినా, పుట్టినరోజు సహకరించదు. నలభైకి పదకొండు నెలల దూరంలో ఉన్న బాక్సర్, పిల్లలు కావాలా వద్దా అని ఇంకా తేల్చుకోని ఆమె, ముందున్నదంతా తొందరలేని కాలమే అనుకునే ఒక యువకుడు. దీన్ని తెలుగులో రాయబోయేవారు అతని కళ్ల వర్ణనతో కాకుండా బాక్సింగ్ నిబంధనల పుస్తకంతో మొదలుపెడితే, మొదటి ముద్రణ కాపీ నేనే కొంటాను.